మామిడి అంటు చేతులకు పైన్ ఎందుకు లొంగలేదు?

ప్రశ్న: మేము ఆరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాము. మా స్నేహితుల పెరట్లో ‘చీఫ్ జోసెఫ్’ అనే పొట్టి రకం పైన్ చెట్టు ఒకటి ఉంది. వేసవి అంతా మామూలు పచ్చగా ఉండి, చలి ముదరగానే పసుపు ముద్దలా మారిపోతుంది. నర్సరీలో దాని ధర చూసి, మనమే అంటు కట్టుకుందామని అనుకున్నాను. నూజివీడులో మా తాతగారు మామిడి అంట్లు కట్టేవారు. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశానన్న ధైర్యంతో మార్చి ఆఖరి వారంలో ఎనిమిది అంట్లు కట్టాను. ఏడింటిని షోర్ పైన్ మొక్కల మీద, ఒకదాన్ని డగ్లస్ ఫర్ మొక్క మీద కట్టాను. ఈ మొక్కలన్నీ అదే వారంలో వేళ్ళకు మట్టి లేకుండా అమ్ముతుంటే కొని కుండీల్లో నాటినవే. మొక్క తల కోసి, మోడును చీల్చి, కొమ్మను మేకులా చెక్కి దింపి, కరెంటు టేపు చుట్టి, దక్షిణం వైపు కిటికీలో పెట్టాను. మే నెల సగం దాకా అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత పది రోజుల్లో అన్నీ ఎర్రబడి రాలిపోయాయి. కింది కొమ్మలు తీయకుండా వదిలిన మూడు షోర్ పైన్ మొక్కలు మాత్రం ఇంకా బతికి ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగింది? దేని మీద కట్టాలి? వచ్చే ఏడాది గుంటూరు వెళ్ళేటప్పుడు అమ్మ కోసం ఒక అంటు తీసుకెళ్ళవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: కట్టిన వారం దగ్గర నుంచి చుట్టిన టేపు దాకా ఏదీ దాచకుండా రాశారు కాబట్టి, ఊహలతో పని లేకుండా జవాబు చెప్పగలుగుతున్నాను. ముందుగా ఒక సంగతి. మీ అంట్లు మే నెలలో చనిపోలేదు. అవి ఏప్రిల్ మొదటి పక్షంలోనే పోయి ఉంటాయి, ఆ కబురు మీకు మే నెలలో అందింది, అంతే. డిసెంబరు మొదట్లో కొట్టి తెచ్చిన క్రిస్మస్ చెట్టు, వేరన్నది లేకపోయినా, జనవరి దాకా పచ్చగా నిలబడి ఉండటం మీరు ఏటా చూస్తూనే ఉంటారు. సూదుల్లాంటి ఈ ఆకుల మీద మైనపు పూత మందంగా ఉండటం వల్ల నీరు నెమ్మదిగా తగ్గుతుంది, ప్రాణం పోయిన తర్వాత కూడా రంగు కొన్ని వారాల పాటు నిలుస్తుంది. అందువల్ల కోనిఫర్లలో, అంటే పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి శంకువులు కాసే చెట్లలో, పచ్చదనం చూసి అంటు పట్టిందని నమ్మకూడదు. మొగ్గ ఉబ్బడాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే కొమ్మలో దాచుకున్న నీటితోనే అది కొంత ఉబ్బగలదు. ఉబ్బిన మొగ్గ సాగి, కొత్త సూదులు విప్పి, ఆ పెరుగుదల వారాల తరబడి ఆగకుండా కొనసాగితేనే అంటు నిజంగా పట్టిందని అర్థం.

ఇక మీ తాతగారి పద్ధతి. మీరు చూసినదీ తప్పు కాదు, గుర్తు పెట్టుకున్నదీ తప్పు కాదు. కానీ మామిడి అంటులో కంటికి కనిపించే పని చాకుది, కనిపించని పని నీటిది. తాతల కాలంలో మన తోటల్లో ఎక్కువగా కట్టినది దగ్గర అంటు. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండీతో సహా తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి చేర్చి, కొమ్మ ఎత్తులో ఉంటే మంచె కట్టి మరీ చేర్చి, రెండింటి బెరడునూ చెక్కి, చెక్కిన ముఖాలు ఆనించి కట్టేవారు. అతుకు గట్టిపడేదాకా, అంటే రెండు మూడు నెలల పాటు, ఆ కొమ్మ తన తల్లి వేళ్ళు పంపే నీళ్ళే తాగుతూ ఉంటుంది కనుక అది ఎండిపోయే ప్రశ్నే రాదు. తర్వాత వచ్చిన వెనీర్ అంటులో కొమ్మను ముందే కోస్తారు, నిజమే. కానీ కోయడానికి వారం పది రోజుల ముందే, కొమ్మ చెట్టు మీద ఉండగానే, ఆకుల్ని తుంచేసి తొడిమలు మాత్రం ఉంచుతారు. ఆకు లేని కొమ్మ నీటిని పెద్దగా పోగొట్టుకోదు, అతుకు కుదిరేదాకా ఓపిక పట్టగలదు.

కోనిఫర్లో ఈ రెండో వెసులుబాటు లేదు. పైన్ కొమ్మకు సూదులన్నీ దూసేస్తే అది మామిడిలా పక్క మొగ్గలతో కోలుకోదు, మొత్తంగా మోడైపోతుంది. కాబట్టి పై సగం సూదుల్ని ఉంచే కట్టాలి. ఉంచినంత కాలం ఆ సూదులు గాలికి నీటిని వదులుతూనే ఉంటాయి, కింద నీరందించే వేరు మాత్రం ఇంకా అతుక్కోలేదు. ఈ ఆరేడు వారాల లోటును ఎలా దాటించాలన్నదే ఇంట్లో కోనిఫర్ అంటు కట్టేవారి అసలు సమస్య. చాలామంది చాకు గురించి, కోత గురించి బెంగపడతారు. నేను చూసినంతలో, కోత కాస్త వంకరగా ఉన్న అంట్లు బతికాయి కానీ, గాలిలో తేమ లేని చోట పెట్టిన అంట్లు మాత్రం ఎంత చక్కగా కోసినా బతకలేదు.

మీరు మొక్క తల కోసి చీల్చడం రెండో పెద్ద తప్పు. మామిడి మొక్క తల నరికితే బెరడులో నిద్రపోతున్న మొగ్గలు లేచి పక్కల నుంచి చిగురు వస్తుంది. అంటు పోయినా వేరుమూలం, అంటే కింద వేళ్ళిచ్చే మొక్క, మిగులుతుంది. పైన్‌కు ఆ గుణం దాదాపు లేదు. సూదులు లేని పాత చెక్క నుంచి అది చిగురించదు. తల పోయి, ఆకూ పోయిన పైన్ మొక్క తన వేళ్ళనే పోషించుకోలేదు, ఇక కొత్తగా వచ్చిన కొమ్మను ఎక్కడ పోషిస్తుంది? కింది కొమ్మలు ఉంచిన మూడే మిగలడానికి కారణం ఇదే. కోనిఫర్లకు కట్టవలసినది పక్క అంటు, అంటే వేరుమూలం తలను అలాగే ఉంచి, కాండం పక్క నుంచి పలచని పొరను చెక్కి, అక్కడ కొమ్మను అతికించడం. వేరుమూలం ఆకులు ఎండను పట్టి ఆహారం తయారు చేస్తూ ఉంటాయి, వేళ్ళు పనిలో ఉంటాయి, పక్కన కొత్త చుట్టం నెమ్మదిగా ఇంట్లో మనిషవుతుంది.

మూడోది కాలం. మార్చి ఆఖరుకు మీరుండే విల్లమెట్ లోయలో పైన్ మొగ్గలు కొవ్వొత్తుల్లా సాగడం మొదలుపెడతాయి. కొమ్మ మేలుకొని నీళ్ళు అడుగుతుంటే, అదే వారంలో మట్టి లేకుండా వచ్చి కుండీ ఎక్కిన వేరు తన పీచువేళ్ళు సగం పోగొట్టుకుని ఉంది. అడిగేవాడు మేలుకొని, పెట్టేవాడు మంచాన పడి ఉన్న స్థితి అన్నమాట. ఇది తలకిందులుగా ఉండాలి, అంటే వేరు మేలుకొని ఉండాలి, కొమ్మ నిద్రలో ఉండాలి. అందుకే నర్సరీలవారు వేరుమూలాన్ని కనీసం ఒక పెరుగుదల కాలం ముందే కుండీలో స్థిరపరచి, జనవరిలో వెచ్చని చోటికి చేర్చి, కుండీ వంచి చూస్తే వేళ్ళ కొసలు తెల్లగా కనిపించిన తర్వాతే చాకు చేతిలోకి తీసుకుంటారు. కరెంటు టేపు, దక్షిణపు కిటికీ చిన్న తప్పులే గానీ, మిగిలిన కాస్త ఆశను కూడా అవి తీసేశాయి. ఆ టేపు సాగినా మళ్ళీ గట్టిగా పట్టదు, జిగురు బెరడుకు అంటుకుంటుంది. కిటికీ అద్దం వెనక మధ్యాహ్నపు ఎండ, గది హీటర్ పొడిగాలి కలిస్తే కోసిన కొమ్మ ఎన్నాళ్ళు ఆగుతుంది?

వేరుమూలం ఎంపికలో మాత్రం మీరు ఏడింటిలో తప్పు చేయలేదు. చీఫ్ జోసెఫ్ అన్నది లాడ్జ్‌పోల్ పైన్‌లో ఒక రకం. మీ రాష్ట్రపు ఈశాన్య మూలన ఉన్న వలోవా పర్వతాలలో దొరికిన ఒక చెట్టు నుంచి వచ్చింది. 1877లో అమెరికా సైన్యం తరుముతుంటే తన ప్రజలతో మోంటానా దాకా తరలిపోయిన నెజ్ పెర్స్ తెగ నాయకుడు చీఫ్ జోసెఫ్ స్వస్థలం ఆ వలోవా లోయే, పేరు అలా వచ్చింది. లాడ్జ్‌పోల్ పైన్, తీరప్రాంతపు షోర్ పైన్ ఒకే జాతిలోని రెండు ఉపభేదాలు. ఇంతకన్నా దగ్గరి చుట్టరికం దొరకదు. పైగా షోర్ పైన్ వేరు మీ వైపు చలికాలపు తడి బంకమట్టిని బాగానే ఓర్చుకుంటుంది. అది దొరకనప్పుడు స్కాట్స్ పైన్ వాడతారు.

డగ్లస్ ఫర్ మీద కట్టినది మాత్రం మొదటి నుంచీ ఆశ లేనిదే. పేరులో ఫర్ అని ఉన్నా అది ఫర్ కాదు, పైన్ అసలే కాదు, ఒక ప్రత్యేక ప్రజాతి. ఆరెగన్ 1939లో దాన్ని రాష్ట్ర వృక్షంగా చేసుకుంది గానీ, అంటు కట్టేవాళ్ళకు అది చాలా పేచీకోరు చెట్టు. డగ్లస్ ఫర్ మీద డగ్లస్ ఫర్‌నే కట్టినా కొన్ని జతలు కొన్నేళ్ళు బాగానే పెరిగి, ఆ తర్వాత అతుకు దగ్గర పొసగక చచ్చిపోతాయి. విత్తన తోటలు వేసినవారు ఈ కారణంగా మీ ప్రాంతంలోనే చాలా నష్టపోయారు.

మిగతా చెట్ల విషయంలో గుర్తు పెట్టుకోవలసిన లెక్క సులువైనదే. పైన్ అయితే ఒక్కో కట్టలో ఎన్ని సూదులున్నాయో చూడండి. రెండు సూదుల పైన్‌ను రెండు సూదుల దాని మీద, అయిదు సూదుల పైన్‌ను ఈస్టర్న్ వైట్ పైన్ వంటి అయిదు సూదుల దాని మీద కట్టాలి. జపాన్‌లో అయిదు సూదుల తెల్ల పైన్‌ను రెండు సూదుల నల్ల పైన్ మీద కట్టి బోన్సాయిలు చేయడం మామూలే గానీ, ఆ మినహాయింపును మీరు మొదట్లోనే పట్టుకోవలసిన పని లేదు. స్ప్రూస్ ఏదైనా నార్వే స్ప్రూస్ మీద పడుతుంది. దేవదారు జాతి చెట్లను మన హిమాలయపు దేవదారు మీదే కడతారు. హినోకి సైప్రస్‌ను తూజా మీద కట్టేవారున్నారు. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ మీద కట్టాలనుకుంటే మాత్రం ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్ళు తెగులును తట్టుకునేలా ఎంపిక చేసిన మొక్కనే అడిగి తీసుకోండి, ఎందుకంటే మీ రాష్ట్రపు నైరుతి అడవుల్లో ఆ చెట్టును ఆ తెగులు ఊడ్చిపెట్టింది. తూజాలకు, చాలా జూనిపర్లకు అసలు అంటు అవసరమే లేదు. కొమ్మ గుచ్చితే వేరు పడుతుంది. అంటు తప్పనిసరి అయ్యేది పైన్, ఫర్, చాలా వరకు స్ప్రూస్ రకాలకే. విత్తనం వేస్తే తల్లి గుణం రాదు, కొమ్మ గుచ్చితే వేరు రాదు.

ఇక్కడ నా సలహా మీకు నచ్చకపోవచ్చు. వచ్చే జనవరిలో చీఫ్ జోసెఫ్‌ను ప్రధానంగా పెట్టుకోకండి. వృత్తిగా అంటు కట్టేవారి చేతిలో కూడా అది సరిగ్గా పట్టదని పేరు పడింది. నర్సరీలో మీరు చూసిన ధరలో సగం ఆ పట్టకపోవడం వల్ల వచ్చినదే, మిగతా సగం అది ఏడాదికి కొద్ది అంగుళాలే పెరగడం వల్ల. మొదటి ఏడాది నార్వే స్ప్రూస్ మీద నీలి స్ప్రూస్ కొమ్మలు ఓ పది కట్టండి. స్ప్రూస్ కోతను క్షమిస్తుంది, బంక కూడా పైన్ అంత కార్చదు. ఏదో ఒక మామూలు చెట్టు ఎందుకని అనుకోకండి. వీధిలో ఏ పెరట్లో అయినా దట్టమైన, పొట్టి నీలి స్ప్రూస్ ఉంటే అడగండి, కాదనేవారు తక్కువ. పొట్టి రకాలు చాలావరకు ఇలా ఎవరి కంటికో ఎక్కడో పడినవే. పెద్ద చెట్టు కొమ్మల్లో కాకిగూడులా గుబురుగా పెరిగిన ముద్ద నుంచి కొన్ని, విత్తనపు మొక్కల్లో వింతగా కనిపించినవి కొన్ని. ఈ రోజు ప్రతి దుకాణం ముందూ క్రిస్మస్‌కు చిన్న శంకువుల్లా కనిపించే పొట్టి ఆల్బర్టా స్ప్రూస్ కూడా 1904లో కెనడాలోని లాగన్ రైల్వే స్టేషను దగ్గర ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞుల కంట పడినదే.

సాధన కోసం ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టనవసరం లేదు. ఆరెగన్ దేశంలోకెల్లా ఎక్కువ క్రిస్మస్ చెట్లు పండించే రాష్ట్రం. జనవరి మొదటి వారంలో మీ వీధి చివర అవి గుట్టలుగా పడి ఉంటాయి. నాలుగు కొమ్మలు తెచ్చుకుని, భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరచుకుని, రోజుకు ఇరవై కోతలు కోయండి. చాకు ఒక పక్క మాత్రమే వాలు ఉన్న అంటు చాకు అయి ఉండాలి. రెండు పక్కలా వాలు ఉన్న కూరగాయల చాకు ఎంత పదునైనదైనా కోతను గుల్ల చేస్తుంది. ఎడమచేతి వాటం వారైతే దానికి తగినది అడిగి కొనాలి. చాకు పదును చాలిందా లేదా అన్నది ముంజేతి మీద వెంట్రుకను తీసి చూస్తే తెలుస్తుంది. కోసిన రెండు ముఖాలను ఒకదానికొకటి ఆనించి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకోండి. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే ఆ కోత పనికి రాదు. కనిపించని రోజు వచ్చేదాకా అసలు మొక్క జోలికి వెళ్ళవద్దు.

అంటు కొమ్మలు డిసెంబరు ఆఖరు, జనవరి నెలల్లో, నాలుగు మంచు రాత్రులు గడిచాక కోయాలి. నిరుడు పెరిగిన కొసభాగమే కావాలి. పొట్టి రకాల్లో అది రెండు మూడు అంగుళాలే ఉన్నా ఫర్వాలేదు. చెట్టు పైభాగంలో, ఎండ తగిలే వైపు, మొగ్గ బలంగా ఉన్నది ఎంచుకోండి. కోసిన వెంటనే తడి కాగితం చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో 35 నుంచి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంచితే రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఆ అరలో ఆపిల్ పళ్ళు లేకుండా చూసుకోండి, పండే పళ్ళు వదిలే ఇథిలీన్ వాయువు నిద్రలో ఉన్న మొగ్గకు మంచిది కాదు. ఆవకాయ సీసా ఉండవచ్చు.

కట్టే రోజున వేరుమూలం కుండీ మట్టి తడిగా ఉండాలి గానీ నానుతూ ఉండకూడదు. మరీ నీళ్ళు తాగిన పైన్, స్ప్రూస్ కోత దగ్గర నీరు, బంక ఊరి కొమ్మను పైకి నెట్టేస్తుంది. పెన్సిలు మందం కాండం చాలు. కుండీ మట్టికి వీలైనంత దగ్గరగా, నిటారుగా ఉన్న చోటు చూసి, ఓ మూడు అంగుళాల మేర సూదులు దూసి, గుడ్డతో తుడవండి. అక్కడ చాకును పై నుంచి కిందికి, బెరడు దాటి చెక్కను సన్నగా తాకేలా, అంగుళంన్నర పొడవున ఒక్క లాగులో దించండి. ఆగి ఆగి కోస్తే మెట్లు పడతాయి. కింద ఆ పొరను పూర్తిగా తీసేయక, చిన్న జేబులా ఒక పావు అంగుళం వదిలేయండి. కొమ్మకు కింది సగం సూదులు తీసి, అదే పొడవున ఒక పక్క చదునుగా, వెనక పక్క అడుగున పొట్టిగా వాలు కోత పెట్టండి. ఆ వాలు కొస జేబులో కూర్చుంటుంది.

ఇప్పుడు కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి. కోసిన ముఖం అంచున, గోధుమరంగు బెరడుకూ తెల్లని చెక్కకూ నడుమ వెంట్రుకంత సన్నని పచ్చటి గీత కనిపిస్తుంది. అదే కేంబియం, అతుకు పుట్టేది అక్కడే. వేరుమూలం బెరడు మందం, కొమ్మ బెరడు పలచన. అందుకని పైకి రెండింటి బెరడూ సమంగా కనిపించేలా అమర్చితే లోపలి పచ్చ గీతలు ఒకదాన్నొకటి తప్పిపోతాయి. కొత్తవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. కొమ్మను బెరడు అంచు నుంచి కాస్త లోపలికి జరిపి, గీతకు గీత తగిలేలా పెట్టాలి. రెండు వైపులా కుదరకపోతే ఒక వైపు పక్కాగా కుదిర్చి రెండో వైపు మరచిపోండి. రెండు వైపులా సగం సగం కుదిరిన దానికన్నా ఇది మేలు. ప్రతి కోత తర్వాతా చాకు మీది బంకను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవకపోతే మూడో కోతకే చాకు పట్టుకుపోతుంది. కోసిన ముఖాన్ని వేలితో తాకకూడదు, అర నిమిషానికి మించి గాలికి వదలకూడదు. అంట్ల కోసం అమ్మే సన్నని రబ్బరు పట్టీని కింది నుంచి పైకి, కొమ్మ కదలకుండా గట్టిగా చుట్టి, దాని మీద పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర ఒక వరస వేయండి.

ఆ తర్వాతి ఆరు నుంచి ఎనిమిది వారాలే పరీక్ష. పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి పీట్ మాస్ (నర్సరీల్లో అమ్మే నాచు ఎరువు) పరచి, కుండీలను కాస్త వాలుగా, అంటు పైకి వచ్చేలా పడుకోబెట్టి, అతుకు మీదకు కూడా పీట్ కొంచెం కప్పి, పైన పలచని ప్లాస్టిక్ కాగితం వేయండి. వేడిచేయని గరాజ్ చాలు. కుండీల అడుగున విత్తనాలు మొలిపించే హీట్ మ్యాట్ పెట్టి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి, పైన గాలి మాత్రం 45 నుంచి 50 డిగ్రీల చల్లదనంలో ఉండనివ్వండి. అడుగు వెచ్చగా ఉంటే వేరు పని చేస్తుంది, పైన చల్లగా ఉంటే మొగ్గ తొందరపడదు. వెలుతురు కావాలి గానీ నేరుగా ఎండ తగలకూడదు. ఒకసారి నేను కిటికీ పక్కన పెట్టిన డబ్బా మీద ఫిబ్రవరిలో అనుకోకుండా వచ్చిన ఒక్క మధ్యాహ్నపు ఎండ పడింది. సాయంత్రం కాగితం తీసేసరికి లోపల పదకొండు అంట్లూ ఆవిరికి ఉడికిపోయి ఉన్నాయి, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి మొహాన కొట్టింది. రెండు రోజులకొకసారి కాగితం ఎత్తి పది నిమిషాలు గాలి తగలనివ్వండి, బూజు కనిపించిన సూదులు ఏరేయండి, నీళ్ళు మాత్రం మట్టి తాకి చూశాకే పోయండి.

మొగ్గలు సాగడం మొదలైన తర్వాత కాగితాన్ని ఒక్కసారిగా తీసేయక, రెండు వారాల్లో కొద్దికొద్దిగా తెరుస్తూ పోవాలి. వేరుమూలం తలను కూడా ఒక్కసారిగా కోయకూడదు. వసంతంలో మూడో వంతు, వేసవి మధ్యలో ఇంకొంత, మిగతాది మరుసటి చలికాలంలో అతుకుకు పైన దగ్గరగా. రబ్బరు పట్టీ ఎండలో తనంతట తానే చివికి రాలుతుంది గానీ, పీట్ కింద ఉన్నది చివకదు. జూన్ నాటికి అతుకుకు వెనక వైపు చాకు మొనతో నిలువుగా గాటు పెట్టకపోతే కాండాన్ని పిసికేస్తుంది. ఇంకొక మాట, నీలి స్ప్రూస్‌లో పక్క కొమ్మ తెచ్చి కడితే అది తాను పక్క కొమ్మననే అనుకుని కొన్నేళ్ళు అడ్డంగా పెరుగుతుంది. వెదురు పుల్ల పాతి, మెత్తటి తాడుతో నిటారుగా కట్టి ఉంచితే చాలావరకు దారికి వస్తుంది. ఫర్‌లో ఈ మొండితనం మరీ ఎక్కువ, అందుకే ఫర్‌కు చెట్టు కొస కొమ్మే కావాలంటారు.

స్నేహితుల చెట్టు నుంచి కోసేముందు దాని లేబుల్ ఒకసారి చూడండి. ఏ రకానికైనా మొక్కల పేటెంటు అమలులో ఉంటే, 1930 నాటి చట్టం ప్రకారం యజమాని అనుమతి లేకుండా అంటు కట్టడం అమ్మకానికి కాకపోయినా కుదరదు. దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్ళకు ఆ హక్కు తీరిపోతుంది.

గుంటూరు సంగతి. తీసుకెళ్ళవద్దు. దిగుమతి అనుమతి, మొక్కకు తెగుళ్ళు లేవని అమెరికా ఇచ్చే ఫైటోశానిటరీ పత్రం లేకుండా బతికి ఉన్న మొక్కను గానీ కొమ్మను గానీ, కుండీ మట్టిని గానీ భారతదేశంలోకి సామానులో తీసుకెళ్ళడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయమే కూడా. ఒకవేళ కాగితాలన్నీ సంపాదించినా, చలిలో నిద్రపోయి చలిలోనే పసుపు తిరిగే కొండ చెట్టు గుంటూరు మే నెలకు నిలవదు. నిలిచినా అక్కడ దానికి పసుపు తిరిగే చలి ఎక్కడిది? అమ్మగారికి సూదులాకుల చెట్టే కావాలంటే కడియం నర్సరీల్లో ‘క్రిస్మస్ చెట్టు’ పేరుతో దొరికే అరకేరియా కొనిపించండి, సగం నీడలో కుండీలో బాగానే పెరుగుతుంది. విత్తనపు మొక్కేనా అని అడగమనండి. అరకేరియా పక్క కొమ్మ గుచ్చి చేసిన మొక్క ఎన్నేళ్ళయినా నిటారుగా లేవదు. సముద్రతీరపు సరుగుడు కూడా చూడటానికి పైన్‌లాగే ఉంటుంది గానీ అది కోనిఫర్ కాదు, పూలు పూసే జాతి. అంటు కట్టడానికి ఎవరైనా పైన్‌కు చుట్టమని చెబితే నమ్మవద్దు.

చివరిగా, మిగిలిన మీ మూడు షోర్ పైన్ మొక్కలు. వాటిని పారేయకండి. ఎండిన కొమ్మను, చీలిన మోడును బతికి ఉన్న పైకొమ్మ దాకా కోసేసి, ఆ కొమ్మను పుల్లకు కట్టి నిటారుగా నిలపండి, అది తలగా మారుతుంది. వేసవి అంతా కుండీని పొద్దుటి ఎండలో ఉంచి నీళ్ళు తప్పకుండా పోయండి. జనవరి నాటికి అవి కుండీలో పది నెలలు స్థిరపడి, వేళ్ళు అల్లుకుని ఉంటాయి, అంటే మార్చిలో మీకు లేనిది ఇప్పుడు చేతిలో ఉందన్నమాట. ఈ శరదృతువులో నార్వే స్ప్రూస్ మొక్కలు పది కొని కుండీల్లో పెట్టండి, జనవరికి వాటి వేళ్ళు కాస్త తక్కువగా ఉన్నా స్ప్రూస్ సర్దుకుంటుంది. సాధన వాటి మీద అయ్యాక, చేయి కుదిరిందని అనిపించిన రోజున, ఫ్రిజ్‌లో దాచిన మూడు చీఫ్ జోసెఫ్ కొమ్మలు తీసి ఈ మూడింటి మీద పాత గాయానికి ఎదురు వైపున, మట్టికి దగ్గరగా కట్టండి.